నోటీసు తీసి ఫ్లెక్సీ కట్టాను

నేను బాణాలు గీసి బతుకుతాను. ఒక పెట్టె గీస్తాను, దాన్నుంచి బాణం, బాణం చివర ఇంకో పెట్టె. మొదటి పెట్టెలో దార్శనికత అని రాస్తాను, ఆఖరి పెట్టెలో సుస్థిర అభివృద్ధి అని రాస్తాను. మధ్య పెట్టెల్లో ఏం రాసినా ఎవరూ చదవరని ఇరవై ఏళ్ళ అనుభవం మీద చెప్తున్నాను. మునిసిపాలిటీలకీ, జిల్లాలకీ వ్యూహ పత్రాలు తయారుచేసే సలహాదారుణ్ణి. ఏలూరులో మా ఇంటి గేటుకి బోర్డు కూడా ఉంది. అది చదివి ఇప్పటిదాకా లోపలికొచ్చింది కొరియర్ వాళ్ళే.

ఐర్లండ్ వెళ్ళొచ్చాక అందరూ అడుగుతున్నారు, ఏం చూశారండీ అని. సముద్రం ఒడ్డున నిట్టనిలువు కొండలున్నాయట, చూడలేదు. కోటలున్నాయట, కారు కిటికీలోంచి ఒకటి కనిపించింది, అది హోటలని తర్వాత తెలిసింది. నేను శ్రద్ధగా చూసింది ఒక సందు. రెండు కార్లు ఎదురెదురు పడితే ఒకటి వెనక్కి వెళ్ళాల్సినంత సన్నపు సందు. నేను రాయబోయేది దాని గురించే కాబట్టి, కొండలూ కోటలూ కావాల్సినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

నేస్

ఐర్లండ్ దక్షిణాన కార్క్ అనే ఊళ్ళో ఒక సదస్సు పెట్టి, పట్టణాల సుస్థిర ప్రణాళికల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఎందుకు పిలిచారో నాకిప్పటికీ తెలీదు. మా చెల్లెలు సునీత నేస్‌లో ఉంటుంది కాబట్టి ముందు అక్కడ దిగాను. డబ్లిన్ నుంచి కారులో గంట లోపే. సునీత అక్కడ పెద్దవాళ్ళని చూసుకునే నర్సింగ్ హోంలో నర్సు. ఆమె భర్త విజయ్ డబ్లిన్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. వాళ్ళమ్మాయి ఆన్‌కి పదిహేనేళ్ళు. నేను తెలుగులో అడిగితే అన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం ఆ ఊరి ఇంగ్లిష్‌లో వస్తుంది. సగం అర్థం కాక నేను తల ఊపేవాణ్ణి.

మొదటిరోజు పొద్దున కాఫీ పొడి ఎక్కడుందని అడిగితే, "ఇట్స్ ఇన్ ద ప్రెస్, మామా" అంది. ఆ ఊళ్ళో బీరువాని ప్రెస్ అంటారని సునీత చెప్పాక గానీ నాకు కాఫీ దొరకలేదు. బయట తాగుదామంటే కప్పు నాలుగు యూరోలు. దాన్ని రూపాయల్లోకి మార్చిన పాపానికి వారం రోజులు ఇంట్లోనే తాగాను.

వచ్చిన రోజు సాయంత్రమే అసలు విషయం చెప్పారు. సునీత వాళ్ళు పాతిక తెలుగు కుటుంబాలు కలిసి ఆదివారం ఆరాధన చేసుకుంటారు. అందరూ నర్సులూ, ముసలివాళ్ళకి దగ్గరుండి సాయం చేసే కేరర్లూ. వాళ్ళ పాస్టర్ శామ్యూల్‌గారు కూడా మిగతా ఆరు రోజులూ కేరర్‌గా పనిచేస్తాడు. సొంత చోటు లేదు. ఇన్నేళ్ళూ ఈ హాలు కాకపోతే ఆ హాలు అని తిరిగారు. ఒకసారి ప్రార్థన మధ్యలో డ్యాన్సు క్లాసు పిల్లలు వచ్చేశారట. ఒక క్రిస్మస్‌కి ఎక్కడా హాలు దొరక్క సునీత ఇంట్లోనే చేసుకుంటే మెట్ల మీద కూర్చుని బిర్యానీ తిన్నారట. ఇప్పుడున్న బడి హాలు కూడా వేసవిలో మరమ్మత్తులకి మూసేస్తున్నారు. ఆ తర్వాత ఇవ్వరు.

"పిల్లలకి ఇది మనదని చూపించడానికి ఒక గోడైనా ఉండాలన్నయ్యా" అంది సునీత. "ఇంకో రెండేళ్ళిలా తిరిగితే ఎవరి దారి వాళ్ళు చూసుకుంటారు. ఇప్పటికే నాలుగు కుటుంబాలు రావడం మానేశాయి."

వాళ్ళ అదృష్టానికి ఒక పాత ఫర్నిచర్ షెడ్డు దొరికింది. దాన్ని ఆరాధన స్థలంగా వాడుకోడానికి కౌన్సిల్, అంటే అక్కడి మునిసిపాలిటీ లాంటిది, అనుమతి కావాలి. దరఖాస్తు పెట్టేశారు. "మీరు కూడా ఒకసారి చూడండి బావగారూ" అన్నాడు విజయ్. మర్యాదకి అన్నాడని నాకు అప్పుడు తట్టలేదు. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

ఊరి చివర షెడ్డు

నేస్ దాటి కాస్త లోపలికి వెళ్తే చిన్న ఊరు. ఊరి చివర ఆ సన్నపు సందు, సందులో షెడ్డు, దాని పక్కన ఒకే ఒక ఇల్లు. ఇంటి తలుపు మూసుంది, కిటికీలకి తెరలు వేసున్నాయి. షెడ్డు యజమాని టామ్ డెబ్బై దాటిన రైతు. వానలో టోపీ లేకుండా నిలబడి, వాన గురించే మాట్లాడతాడు.

"మీ అనుమతి వచ్చేదాకా ఆగుతాను" అన్నాడు టామ్. "మంచివాళ్ళు. కానీ ఎవరైనా అభ్యంతరం పెట్టి, అది అప్పీలు దాకా వెళ్తే నెలల తరబడి సాగుతుంది. అంతకాలం ఆగలేను. టైర్లు నిల్వ చేసుకుంటానని ఒకాయన తిరుగుతున్నాడు."

గేటు మీద ప్లాస్టిక్ కవరులో ఒక తెల్ల కాగితం. అదే నోటీసు. ఎవరు దరఖాస్తు పెట్టారు, ఎందుకు, ఎక్కడ చూడొచ్చు, అన్నీ చిన్న అక్షరాల్లో ఉన్నాయి. ఐదు వారాలు అది అక్కడే ఉండాలట. దారినపోయే ఎవరైనా చదివి, ఇరవై యూరోలు కట్టి, తన అభిప్రాయం రాసి పంపొచ్చట. ఐదు వారాల్లో ఎక్కువ భాగం గడిచిపోయింది, ఒక్క అభ్యంతరమూ రాలేదు.

నాకు నవ్వొచ్చింది. ఇంత ముఖ్యమైన విషయాన్ని ఇంత దరిద్రంగా చెప్తారా? మన దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఎంత హడావుడి. షామియానా, మైకు, వేదిక మీద బొకేలు, టీ, సమోసా, సంతకాలు, ఫోటో. ఆ తర్వాత పత్రంలో 'అభ్యంతరాలు: నిల్' అని రాసేది నేనే. ఆ నిల్ రాయడంలో నా చెయ్యి ఎంత తిరిగిందంటే, ఒకసారి మా ఆవిడ సరుకుల చీటీలో కూడా రాసేశాను.

"దీన్నెవరు చదువుతారు విజయ్? ప్రజలకి అర్థమయ్యేలా ఉండాలి" అన్నాను.

విజయ్ గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ రూల్ ఇదేనేమో బావగారూ."

"రూల్ అనేది కనీసం. మనం అంతకంటే ఎక్కువ చేస్తున్నాం."

నేను తన భార్యకి అన్నయ్యని. మా వైపు అలాంటి మనిషి ఏం చెప్పినా సరే బావగారూ అనాలి. విజయ్ సరే బావగారూ అన్నాడు. ఆ ఒక్కమాట అనకుండా ఉండుంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు.

రెండు రోజులు కూర్చుని తయారుచేశాను. మూడు వృత్తాలు ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటాయి చూడండి, పర్యావరణం, సమాజం, ఆర్థికం, అదే బొమ్మ. నా బతుకంతా ఆ బొమ్మ మీదే నడిచింది. పర్యావరణం వృత్తంలో ఒక చెట్టు పెట్టాను. సమాజంలో సంఘం గ్రూప్ ఫోటో పెట్టాను. ఆర్థికంలో ఏం పెట్టాలో తెలీక టామ్ ఫోటో పెట్టాను, వానలో తడుస్తున్నది. పైన పెద్ద అక్షరాలతో '2040 నాటికి సమ్మిళిత, సుస్థిర, విశ్వాస ఆధారిత ప్రాంతీయ కేంద్రం' అని రాశాను. నేస్‌లో ఒక ప్రింటింగ్ షాపులో ఫ్లెక్సీ వేయించాను. వాళ్ళడిగిన డబ్బుతో ఏలూరులో ఎమ్మెల్యే పుట్టినరోజుకి ఊరంతా కట్టొచ్చు.

ఒక సాయంత్రం వెళ్ళి గేటుకి కట్టాను. కవరులో ఉన్న కాగితం అడ్డొచ్చింది. దాన్ని జాగ్రత్తగా విప్పి, మడతపెట్టి, ఇంటికి తెచ్చి ప్రెస్‌లో కాఫీ పొడి పక్కన భద్రంగా పెట్టాను. మర్నాడు కార్క్ రైలెక్కాను.

కార్క్

రైల్లో ఎదురు సీట్లో ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఎక్కడినుంచి, ఏం పని, పిల్లలెంతమంది, అన్నీ అడిగాడు. మన రైళ్ళలో లాగే ఉందే అని ప్రాణం లేచొచ్చింది. తేడా ఏంటంటే ఆయన జీతం అడగలేదు. దిగేటప్పుడు నా సంచి నాకంటే ముందు ఆయనే అందుకున్నాడు.

కార్క్‌లో అన్నీ ఎత్తుపల్లాలే. హోటల్ నుంచి సదస్సుకి ఎక్కేసరికి నాకు మాట్లాడే ఊపిరి లేదు, దిగేసరికి మోకాళ్ళు లేవు. మధ్యాహ్నం భోజనంలో బంగాళదుంప మూడు రకాలుగా పెట్టారు, ఉడకబెట్టింది, వేయించింది, మెదిపింది. మూడూ తిన్నాను, ఒకటే అనిపించింది. సంచిలో సునీత పెట్టిన కారప్పొడి పొట్లం తీసి చల్లుకుంటుంటే పక్కనున్న జర్మనీ ఆయన అడిగి వేసుకున్నాడు. తర్వాత ఆయన మళ్ళీ కనిపించలేదు.

నా ప్రసంగం ప్రజల భాగస్వామ్యం గురించి. 'ప్రణాళిక అనేది ప్రజల కళ్ళకి కనిపించాలి' అని మొదలుపెట్టాను. ఉదాహరణ కావాలి కదా. గేటు మీద నా ఫ్లెక్సీ ఫోటో తెరమీద వేశాను. ముందు ఇలా ఉండేది అని ఆ చిన్న కాగితం ఫోటో, తర్వాత ఇలా అయింది అని నా వృత్తాల ఫోటో. చప్పట్లు కొట్టారు. నేను చెయ్యెత్తి నమస్కారం పెట్టాను.

టీ దగ్గరికి ఒకావిడ వచ్చింది. ఆ పక్క కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, దాని కౌన్సిల్లో ఇలాంటి అనుమతులు చూసే ప్లానరట. చాలా మర్యాదగా, గొంతు తగ్గించి అడిగింది.

"మీ బోర్డు బాగుంది. అసలు నోటీసు దాని వెనకుందా?"

"లేదండీ. ఇంట్లో భద్రంగా పెట్టాను" అన్నాను.

ఆవిడ కప్పు కింద పెట్టింది. "కౌన్సిల్ వాళ్ళు వచ్చి చూసేలోపు తిరిగి పెట్టించండి" అంది. "చట్టం అడిగేది ఆ కాగితమే. అది గేటు మీద లేకపోతే దరఖాస్తు చెల్లదు."

అక్కడే నిలబడి సునీతకి ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే తనే చెప్పింది. "ఇప్పుడే మెయిల్ వచ్చింది అన్నయ్యా. వాళ్ళొచ్చి చూస్తే నోటీసు లేదట. మన దరఖాస్తు చెల్లదట. మొదటినుంచీ మళ్ళీ పెట్టుకోమన్నారు."

"ఫ్లెక్సీ ఉందిగా" అన్నాను.

డ్యూటీకి టైమైందన్నయ్యా అని ఫోన్ పెట్టేసింది. దాంతో నా వయసు, చదువు, బోర్డు, అన్నీ ఒకేసారి పోయాయి. సాయంత్రం సదస్సు నిర్వాహకులు నాకు జ్ఞాపిక ఇచ్చారు. తీసుకోవడానికి లేవాలంటే సిగ్గేసింది, లేచి తీసుకున్నాను.

మళ్ళీ నేస్

తిరిగొచ్చేసరికి ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అదే పెద్ద శిక్ష. విజయ్ స్టేషన్‌కొచ్చి, సంచి తీసుకుని, దారంతా రైలు ప్రయాణం గురించే అడిగాడు. శామ్యూల్‌గారు ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకుని, మంచి ఉద్దేశంతో చేశారు అన్నాడు. ఆన్ ఒక్కతే నిజం మాట్లాడింది. "మామా, యూ పుట్ టామ్ ఇన్ ఎ సర్కిల్?" అని పడీపడీ నవ్వింది. ఆ పిల్ల నవ్వితే నాకు కాస్త తేలికయింది.

కొత్త దరఖాస్తు, పేపర్లో కొత్త ప్రకటన, గేటు మీద కొత్త నోటీసు, మళ్ళీ ఐదు వారాలు. తిరుగు ప్రయాణం వాయిదా వేసుకున్నాను. ఈసారి కాగితాన్ని నేను ముట్టుకోకూడదని సునీత నా చేతే ఒట్టు వేయించింది. రోజూ బస్సెక్కి వెళ్ళి గేటు ఇవతల నిలబడి, అది ఉందో లేదో చూసి వచ్చేవాణ్ణి. వెళ్ళిన మూడో రోజే టామ్ ఎదురొచ్చాడు.

"నోరా తిరిగొచ్చింది" అన్నాడు, పక్కింటి వైపు చూపించి. "ఇన్నాళ్ళూ మొగుడితో డబ్లిన్‌లో బోమాంట్ ఆసుపత్రిలో ఉంది. మొదటి నోటీసు చూసుండదు. వచ్చేసరికి నీ బొమ్మ ఉంది గేటు మీద. ప్రాంతీయ కేంద్రమంటే ఏంటని నన్నడిగింది. నాకేం తెలుసు? అభ్యంతరం రాస్తానంటోంది."

నేను ఆ నోటీసు పీకకపోయుంటే గడువు ఎప్పుడో ముగిసేది. పీకి ఊరుకున్నా సరిపోయేది. పీకి, ఆ స్థానంలో పాతిక కుటుంబాల పాటల కూటాన్ని ప్రాంతీయ కేంద్రమని రాసి, ఆవిడని భయపెట్టింది నేను. ఆవిడ రాస్తే టామ్ ఆగడు. టామ్ ఆగకపోతే సునీత వాళ్ళకి ఆ గోడ లేదు.

"వెళ్ళి మాట్లాడు" అన్నాడు టామ్. "మనిషి మంచిదే."

ఇరవై ఏళ్ళలో అభ్యంతరం చెప్పే మనిషితో నేనెప్పుడూ మాట్లాడలేదు. వాళ్ళు సమావేశంలో వెనక వరసలో లేచి అరుస్తుంటే, ముందు వరసలో సమోసాలు పంచమని కనుసైగ చేసేవాణ్ణి. ఇప్పుడు చేతిలో సమోసా లేదు.

నోరా గారి వంటిల్లు

తలుపు తీసినావిడకి ఎనభై ఉంటాయి. పేరు పెట్టి పిలవమంది. ఎనభై ఏళ్ళ మనిషిని నోరా అని ఎలా పిలుస్తాం? నోరా గారు అన్నాను. గారు అంటే ఏంటంది. పెద్దవాళ్ళకి పెడతామన్నాను. "అయితే ఉండనీ" అంది.

టీ తాగుతావా అంది. వద్దన్నాను. ఒక్క చుక్క అంది. వద్దండీ, ఇప్పుడే తాగాను అన్నాను. అప్పటికే నీళ్ళు పొయ్యి మీద ఉన్నాయి. మా పెద్దమ్మ గారింటికి వెళ్ళినట్టే ఉంది, ఎన్నిసార్లు వద్దన్నా చివరికి తాగాల్సిందే. ముదురు రంగు రొట్టె కోసి, దానిమీద వెన్న అంగుళం మందాన రాసి పెట్టింది.

నేను సంచిలోంచి వృత్తాల పటం తీశాను. బుద్ధి రాలేదన్నమాట. సమ్మిళిత అభివృద్ధి, పొరుగువారితో సమన్వయం అని మొదలుపెట్టాను. ఆవిడ మొత్తం విన్నది. అడ్డు రాలేదు.

"ఆదివారం పదకొండింటికి నా గేటు ముందు ఎన్ని కార్లుంటాయి?" అంది.

నాకు తెలీదు. ఎవర్నీ అడగలేదు. రెండు రోజులు కూర్చుని గీసిన ఆ పటంలో కార్ల మాటే లేదు.

ఆవిడ లేచి పక్కగది తలుపు తోసింది. కిటికీ పక్కన మంచం మీద ఆవిడ భర్త మైకేల్ పడుకుని ఉన్నాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, పక్కన గుర్రుమంటూ చిన్న యంత్రం. నన్ను చూసి చెయ్యి కొంచెం ఎత్తాడు.

"పోయిన చలికాలం రెండుసార్లు అంబులెన్స్ వచ్చింది" అంది నోరా గారు, వంటింట్లోకి తిరిగొచ్చాక. "మొదటిసారి ఎవరో ఆటలు చూడ్డానికొచ్చి సందులో కారు పెట్టి పోయారు. అంబులెన్స్ మూల మీదే ఆగిపోయింది. స్ట్రెచర్ పట్టుకుని నడిచొచ్చారు. ఆ కాసేపూ నేనాయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మీ దేవుడు, మీ పాటలు, వాటితో నాకేం గొడవ లేదు. మళ్ళీ అలా కూర్చోలేను, అంతే."

నేను పటం మడిచి సంచిలో పెట్టుకున్నాను. తప్పయిందండీ, కార్ల సంగతి కనుక్కుని వస్తాను అన్నాను. ఆవిడ మిగిలిన రొట్టె కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది.

సంత ఆవరణ

ఆ ఆదివారం బడి హాలు బయట నిలబడ్డాను. ఒక్కో ఇంటికి రెండేసి కార్లు. ఆయన ఈ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి నేరుగా వస్తాడు, ఆవిడ ఆరాధన మధ్యలోంచి ఇంకో ఆసుపత్రికి వెళ్ళిపోవాలి, పెద్దాడు పార్ట్‌టైం పనికి. ఎవరి బండి వాళ్ళది. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళ డ్యూటీలు అలాంటివి. కానీ ఇవన్నీ ఆ సందులో పెడితే సైకిల్ కూడా పోదు.

ఆరాధన అయ్యాక శామ్యూల్‌గారు నన్ను ముందుకి పిలిచాడు. నోరా గారు చెప్పింది చెప్పినట్టే చెప్పాను, బొమ్మలు లేకుండా. నర్సులకి ఆక్సిజన్ యంత్రం గురించి వివరించాల్సిన పని లేదు కదా.

ఊళ్ళో పశువుల సంత ఆవరణ ఉంది, ఆదివారాలు ఖాళీగా ఉంటుంది. టామ్ ఒక ఫోన్ చేస్తే అక్కడ కార్లు పెట్టుకోమన్నారు. అక్కణ్ణుంచి షెడ్డుకి పావుగంట నడక. ఆ నడక మాటెత్తగానే గొడవ మొదలైంది. వానలో పట్టుచీరలతోనా, బిర్యానీ గిన్నెలు ఎవరు మోస్తారు, డ్యూటీకి టైమైతే పరిగెత్తాలా అని. కాసేపు విని సునీత లేచింది. "మా నర్సింగ్ హోంలో ఎవరికైనా ఊపిరాడకపోతే మెట్లు లెక్కపెట్టుకుంటామా అక్కా? వచ్చే ఆదివారం ఒకసారి నడిచి చూద్దాం. కుదరకపోతే అప్పుడు మానేద్దాం" అంది.

ఆ తర్వాతి ఆదివారం సంతలో కార్లు పెట్టి షెడ్డుకి బయల్దేరాం. దారి తెలిసినవాణ్ణని చేతిలో మ్యాపుతో ముందు నేను. మ్యాపు చూస్తూ నడిచినవాడికి కింద ఏముందో తెలీదు కదా. సంత గేటు దగ్గరే పేడలో కాలు జారి కూర్చుండిపోయాను. మా ఊరి పేడకీ ఆ ఊరి పేడకీ జారడంలో తేడా లేదు. లేపడానికి ముగ్గురు నర్సులు వచ్చారు, ముగ్గురూ ముందు నా తుంటి ఎముక నొక్కి చూశారు. "గ్రాండ్, మామా?" అంది ఆన్. ఆ ఊళ్ళో బాగానే ఉన్నావా అని అడగడానికీ, బాగున్నానని చెప్పడానికీ అదే మాట, నేను గ్రాండ్ అన్నాను.

ఆ తర్వాత వాన. గాలికి గొడుగులు వెనక్కి తిరిగిపోయాయి. చీరలు మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకున్నారు. బిర్యానీ గిన్నెని టామ్ ఇచ్చిన తోపుడు బండిలో పెట్టి, దాని మీద తన కోటు కప్పి, తను తడుస్తూ విజయ్ తోశాడు. ఎవరో పాట అందుకున్నారు, తడిసిన గొంతులతో మిగతావాళ్ళు కలిపారు. సందులోకి తిరిగేసరికి ఆ ఇంటి కిటికీ తెర తీసి ఉంది. మైకేల్ దిండ్లకానుకుని చూస్తున్నాడు. నోరా గారు గుమ్మంలో నిలబడింది. సందు ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్క కారు లేదు.

"ఇంత వానలో ఎందుకు తీసుకొచ్చావు వీళ్ళని?" అంది నన్ను. కోపంగానే అంది. తర్వాత నా ప్యాంటు చూసి లోపలికెళ్ళి తువ్వాలు తెచ్చింది.

ఆవిడ కౌన్సిల్‌కి ఉత్తరం రాసింది, ఇరవై యూరోలు కట్టి మరీ. నాకు అభ్యంతరం లేదు, సందు మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండాలి అని. ఆ డబ్బు నేనిస్తానంటే ఒప్పుకోలేదు. నా మాట, నా డబ్బుతోనే చెప్తానంది. టామ్ అది విని, అయితే టైర్లవాణ్ణి వెళ్ళిపొమ్మంటానన్నాడు. గడువు ముగిసేలోపే నా సెలవు అయిపోయింది. విమానాశ్రయానికి వెళ్తూ దారి తప్పించి ఒకసారి గేటు చూసొచ్చాం. కాగితం ఉంది. కవరు మీద వానచుక్కలున్నాయి, తుడవబోయి ఒట్టు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఏలూరు

తిరిగొచ్చి మళ్ళీ బాణాలు గీస్తున్నాను. ఒక చిన్న మునిసిపాలిటీ పత్రం చేతిలో ఉంది. అభ్యంతరాల పేజీ దగ్గరికొచ్చి, ఈసారి నిల్ రాయకుండా, అభ్యంతరం చెప్పిన కూరగాయల మార్కెట్టు ఆవిడ ఇంటికి వెళ్ళాను. కుక్క కరిచింది. నాలుగు సూదులయ్యాయి, ఆవిడతో మాట మాత్రం ఇంకా అవలేదు.

సునీత ఫోన్ చేసి అనుమతి వచ్చిందని చెప్పింది. షరతుల్లో మొదటిది, సందులో ఏ సమయంలోనూ వాహనాలు నిలపరాదు. శామ్యూల్‌గారు దాన్ని పెద్ద అక్షరాలతో రాయించి లోపలి గోడకి అంటించాడట. విజయ్‌ని ఆదివారాలు సందు మొదట్లో కాపలా పెట్టారట. మనిషి మెత్తనైనా ఈ విషయంలో రాయిలా ఉంటాడని, ఒకసారి శామ్యూల్‌గారి కారునే వెనక్కి పంపాడని సునీత నవ్వింది. గోడలకి రంగులు వేస్తున్నామని, పిల్లలే వేస్తున్నారని, రావడం మానేసిన నాలుగు కుటుంబాల్లో మూడు తిరిగొచ్చాయని చెప్పింది. నాకు ఎంత సంతోషమేసిందంటే మా ఆవిణ్ణి లేపి మరీ చెప్పాను.

మొదటి ఆరాధన ఇంకా మొదలవనే లేదు, మళ్ళీ ఫోనొచ్చింది. మైకేల్ పోయాడు. ఇంట్లోనే, నిద్రలో. అంబులెన్స్ పిలిచే అవసరమే రాలేదట.

ఆ దేశంలో చావుకి ఊరు ఊరంతా వస్తుంది. ఒక్కొక్కరూ వరసలో నిలబడి చెయ్యి కలిపి, నీ కష్టానికి బాధగా ఉంది అని చెప్పి వెళ్తారు. తర్వాత వచ్చినవాళ్ళందరికీ టీ, శాండ్‌విచ్‌లు పెట్టాలి. ఇల్లు చిన్నది. నోరా గారు సునీతకి ఫోన్ చేసి, మీ హాలు ఇస్తారా అని అడిగిందట. సంఘంలో ఆడవాళ్ళందరూ రాత్రి డ్యూటీలు మార్చుకుని వచ్చి గుడ్డు శాండ్‌విచ్‌లు కోశారు. ఎవరో పులిహోర కూడా చేశారు, అది ముందు అయిపోయిందట. ఆ హాల్లో అన్నిటికంటే ముందు జరిగింది అదే.

"మరి కార్లు?" అన్నాను. ఇంకేం అడుగుతాను, నా బుద్ధి అంతవరకే.

ఊళ్ళోవాళ్ళందరూ ఒకేసారి వచ్చేశారు అన్నయ్యా అంది. విజయ్ ఎప్పట్లాగే సందు మొదట్లో చెయ్యి అడ్డం పెట్టి, అందర్నీ సంతకి పొమ్మని చెప్తున్నాడట. ముసలివాళ్ళు కూడా వెనక్కి తిప్పుకుంటున్నారట. అది చూసి నల్లకోటులో నోరా గారు గేటు దగ్గర్నుంచి నడుచుకుంటూ వచ్చి, విజయ్ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"లోపలికి రానివ్వు బాబూ" అందట. "ఇంక ఈ సందులోకి అంబులెన్స్ రానక్కర్లేదు."